లా ప్రొఫెసర్ల మాట: ఠాగూర్ వీలునామా నుంచి బహిరంగ లేఖ దాకా

భారతదేశంలో న్యాయశాస్త్ర ఉపన్యాసాలకు ఒక పద్ధతినీ పరువునూ తెచ్చిపెట్టింది ఒక వీలునామా. కలకత్తాలో ప్లీడరుగా, జమీందారుగా పేరుమోసిన ప్రసన్న కుమార్ ఠాగూర్ 1868లో చనిపోతూ, అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్య పదవి కోసం ధర్మనిధి విడిచి వెళ్లాడు. ఆ పదవికి ఎంపికైన పండితుడు ఒక అంశం తీసుకుని వరసగా ఉపన్యాసాలివ్వాలి. వాటిని పుస్తకంగా అచ్చు వేయించాలి. 1870లో హెర్బర్ట్ కోవెల్ హిందూ న్యాయంతో ఈ ఉపన్యాసాలకు శ్రీకారం చుట్టాడు.

తమాషా ఏమిటంటే ఆ వీలునామాయే కోర్టుకెక్కింది. ఠాగూర్ కొడుకు జ్ఞానేంద్రమోహన్ క్రైస్తవం స్వీకరించాడు. తండ్రి అతనికి ఆస్తి దక్కకుండా చేసి, అన్న కొడుకు జతీంద్రమోహన్‌కు జీవితకాల హక్కు ఇచ్చి, ఆ తరవాత ఇంకా పుట్టని వారసుల దాకా ఆస్తి ఎలా నడవాలో రాసిపెట్టాడు. 1872లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ దాన్ని ఒప్పుకోలేదు. వీలునామా కర్త చనిపోయేనాటికి పుట్టని మనిషికి హిందూ న్యాయం ప్రకారం ఆస్తి రాసివ్వడం చెల్లదంది. జీవితకాల హక్కు నిలిచింది, ఆపై ఏర్పాట్లు కూలిపోయాయి. దేశమంతా హిందూ కుటుంబాల వీలునామాలను కొన్ని దశాబ్దాలపాటు ఈ తీర్పే శాసించింది. 1898 ఠాగూర్ ఉపన్యాసాలకు అశుతోష్ ముఖర్జీ ఎంచుకున్న అంశం, ఆస్తిని తరతరాలకు కట్టిపడేసే ఏర్పాట్ల మీది న్యాయం. అంటే దాత డబ్బుతోనే, దాత ఓడిపోయిన ప్రశ్న మీద పాఠం జరిగింది. పుట్టనివారి విషయంలో ఆ నియమాన్ని చట్టంతో సడలించడంలో మద్రాసు ప్రెసిడెన్సీ ముందు నడిచింది. ఆంధ్ర జిల్లాలు కూడా అందులోనే ఉండేవి. అక్కడి చట్టం 1914లో వస్తే, కేంద్ర చట్టం 1916లో వచ్చింది.

ఆ రోజుల్లో న్యాయశాస్త్రం చెప్పేవాళ్లలో ఎక్కువమంది పూర్తికాలపు అధ్యాపకులు కారు. పగలు కోర్టు, పొద్దునో సాయంత్రమో తరగతి. ఠాగూర్ ఉపన్యాసకులలోనూ పేరున్న వకీళ్లే ఎక్కువగా కనిపిస్తారు. రాస్ బిహారీ ఘోష్ 1876లో తనఖాల న్యాయం మీద మాట్లాడాడు. ఆస్తి బదలాయింపు చట్టం వచ్చింది 1882లో. కాబట్టి చెల్లాచెదరుగా పడివున్న తీర్పులను ఒక క్రమంలో పేర్చే పని అప్పటికి ఆ ఉపన్యాసాల మీదే పడింది. 1883లో వంతు యూలియస్ యాలీ అనే జర్మన్ సంస్కృత పండితుడిది. ధర్మశాస్త్రాలలో పంపకం, వారసత్వం, దత్తత ఎలా మారుతూ వచ్చాయో ఆయన కలకత్తా వాళ్లకే చెప్పాడు. ఒకటికన్నా ఎక్కువసార్లు ఠాగూర్ ప్రొఫెసర్ అయిన రాధావినోద్ పాల్ రెండో ప్రపంచ యుద్ధం తరవాత టోక్యో యుద్ధనేరాల విచారణలో అసమ్మతి తీర్పు రాసి లోకానికి తెలిశాడు.

ఇంత చేసినా కోర్టులో ప్రొఫెసర్ మాటకు అధికారం లేదు. ఆ మాట న్యాయమూర్తిని కట్టడి చేయదు. పైగా బతికున్న రచయితను ప్రమాణంగా చూపకూడదనే ఆనవాయితీ ఇంగ్లండ్ కోర్టులలో చాలాకాలం ఉండేది. గ్రంథకర్త గౌరవం పొందాలంటే ముందు చచ్చిపోవాలన్నమాట. భారత కోర్టులు ఇంత బిగువుగా ఉండలేదు గానీ, పాఠం తీర్పు కావాలంటే దాన్ని ఎవరో ఒక వకీలు చేతపట్టుకుని కోర్టు గడప దాటించాల్సిందే.

స్వాతంత్ర్యం తరవాత పూర్తికాలపు అధ్యాపకులు పెరిగారు. 1956లో ఢిల్లీలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. అయితే ఈ కాలంలో అన్నిటికన్నా దూరం ప్రయాణించిన ఉపన్యాసం ఒక అతిథిది. 1965 ఫిబ్రవరిలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన డీటర్ కాన్రాడ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో న్యాయ విద్యార్థుల ముందు మాట్లాడాడు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి, రాతలో లేకపోయినా, హద్దులు ఉంటాయా అన్నది అంశం. జీవించే హక్కును హామీ ఇచ్చే 21వ అధికరణాన్ని, చట్టం అండ లేకుండానే మనిషి ప్రాణం తీయవచ్చని సవరిస్తే చెల్లుతుందా? మెజారిటీ జారిపోతోందని గ్రహించిన పాలకపక్షం సవరణాధికారాన్ని ప్రధాని సలహాపై నడిచే రాష్ట్రపతి చేతిలో పెడితే? ఏకంగా రాజ్యాంగాన్నే రద్దుచేసి మొగల్ చక్రవర్తిని తిరిగి గద్దె ఎక్కిస్తే?

ఇవి వినోదానికి వేసిన ప్రశ్నలు కావు. జర్మనీలో వైమార్ రాజ్యాంగం మూడింట రెండు వంతుల మెజారిటీతో దేన్నైనా సవరించనిచ్చింది. ఆ మెజారిటీతోనే 1933 మార్చిలో చట్టాలు చేసే అధికారం హిట్లర్ ప్రభుత్వం చేతికి పోయింది. యుద్ధం ముగిశాక 1949లో రాసుకున్న కొత్త రాజ్యాంగం, తన 79వ అధికరణంలో, కొన్నిటిని ఏ సవరణా తాకరాదని కట్టు కట్టింది. భారత రాజ్యాంగంలో అలాంటి కట్టు లేదు. అది మాటల్లో లేకపోతే మొత్తం నిర్మాణంలోనే ఇమిడి ఉంటుందన్నది కాన్రాడ్ వాదన.

ఆ ఉపన్యాసం ప్రతి మద్రాసు వకీలు ఎం.కె. నంబియార్ చేతికి చేరింది. రాజ్యాంగ సవరణలను సవాలు చేసిన గోలక్‌నాథ్ కేసులో ఆయన దాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టాడు. 1967 ఫిబ్రవరి 27న పదకొండు మంది ధర్మాసనం 6–5తో తీర్పు చెప్పింది. మెజారిటీ పక్షానికి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి, రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు, ఈ వాదనలో బలం ఉందన్నాడు. కానీ ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని వేరే దారిలో తేల్చాడు కాబట్టి దీనిపై నిర్ణయం అక్కర్లేకపోయింది. ఆరేళ్లకు, సవరణాధికారం హద్దుల మీదే వచ్చిన కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తులు 68 రోజులు విన్నారు. 1973 ఏప్రిల్ 24న 7–6తో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదన్న సూత్రం నిలిచింది. మెజారిటీలో హైదరాబాద్ నుంచి వెళ్లిన పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. మొగ్గు తిప్పిన హెచ్.ఆర్. ఖన్నా తన తీర్పులో కాన్రాడ్ రచనను పేరుపెట్టి ప్రస్తావించాడు. బతికున్న రచయిత కోర్టులో మాట దక్కించుకున్నాడు. ప్రొఫెసర్లందరూ దీనికి చప్పట్లు కొట్టలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగం బోధించిన పి.కె. త్రిపాఠీ ఆ మరుసటి ఏడే, ఇంతకీ ఈ కేసులో ఎవరు గెలిచారని నిలదీస్తూ వ్యాసం రాశాడు.

వకీలు చేతిమీదుగా కాక ప్రొఫెసర్లే నేరుగా కోర్టును పలకరించిన సందర్భం 1979లో వచ్చింది. మహారాష్ట్రలో 1972లో ఒక ఆదివాసీ బాలికపై పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందన్న కేసులో, హైకోర్టు వేసిన శిక్షను సుప్రీంకోర్టు 1978 సెప్టెంబరులో కొట్టేసింది. ఒంటిమీద గాయాలు లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనన్న ధోరణి ఆ తీర్పులో ఉంది. లా రిపోర్టులలో దాని పేరు నిందితుడిదే: తుకారాం వర్సెస్ మహారాష్ట్ర. ఏడాది తిరిగాక ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగమ్వార్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నది అందులోని ముఖ్యమైన మాట. లోతికా సర్కార్ అంతకు ముందే, దేశంలో స్త్రీల స్థితిగతుల మీద 1974లో వచ్చిన ప్రభుత్వ నివేదికలో పాలుపంచుకున్న మనిషి.

లేఖ ఒంటరిగా పోలేదు. 1978లోనే హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన ఇలాంటి ఘటన మీద నగరం అట్టుడికి ఉంది. మహిళా సంఘాలు లేఖను చేతపట్టుకుని వీధుల్లోకి వచ్చాయి. సుప్రీంకోర్టు తన తీర్పును మార్చుకోలేదు. పార్లమెంటు చట్టాన్ని మార్చింది. 1983 సవరణతో సాక్ష్య చట్టంలో 114–ఏ సెక్షన్ చేరింది. పోలీసుల వంటి అధికారం గలవారి అదుపులో లైంగిక చర్య జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. కాదని చూపాల్సిన బరువు నిందితుడి మీదికి మారింది.

ఈలోగా 1981లో బక్షి, సర్కార్ ఇద్దరూ ఆగ్రాలోని మహిళా సంరక్షణ గృహంలో దుస్థితి గురించి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. లా రిపోర్టులలో ఆ కేసు పేరు ఉపేంద్ర బక్షి వర్సెస్ ఉత్తరప్రదేశ్.