అబ్బా అల్మారీలో అమ్రీకా సీసా

మా ఇంట్లో అబ్బా అల్మారీ ఎవరూ ముట్టని చోటు. అందులో అత్తరు బుడ్లు, పెన్షన్ కాగితాలు, వాటి వెనక ఒక తెల్ల ప్లాస్టిక్ సీసా. షికాగోలో ఉండే మా పెద్ద చిచ్చా కొడుకు, మేమంతా భాయిజాన్ అని పిలిచే ఆయన, వచ్చినప్పుడల్లా రెండు సీసాలు తెచ్చేవాడు. మగవాళ్ల ప్రోస్టేట్ సెహత్ కోసం అని పైన ఇంగ్లీషులో రాసుంటుంది. లోపల సెలీనియం, విటమిన్ ఇ, టమాటాల్లోంచి తీసిన లైకోపీన్, సా పామెట్టో అనే అమెరికా ఈతజాతి మొక్క పండ్ల సారం. ఇదేం దవా అబ్బా అని ఒకసారి అడిగాను. "దవా నై బా, తాఖత్ కీ గోలియాఁ" అన్నారు. దవా కాదన్నారు గానీ, ఆ గోలీలనే ఇలాజ్ అనుకుని రెండేళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు.

ప్రోస్టేట్‌ని ఉర్దూలో మసానే కా గదూద్ అంటారు. నా ఉర్దూ మీడియం బడిలో ఆ మాట ఎవరూ చెప్పలేదు. తెలుగు డిగ్రీకి వచ్చాక పౌరుష గ్రంథి అనే పేరు కనపడింది. పేరులోనే పౌరుషం పెట్టాక ఏ మగాడు దాని గురించి నోరు విప్పుతాడు? అబ్బా కూడా విప్పలేదు. రాత్రికి నాలుగైదుసార్లు లేచేవారు. వుజూ చేసుకున్నాక చుక్క పడిందేమోనని మళ్లీ చేసుకునేవారు. కొన్నాళ్లకి జమాత్‌కి పోవడం తగ్గించి ఇంట్లోనే నమాజ్ చదవడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పి అని అందరికీ చెప్పారు, మేం నమ్మాం.

ఒక రమజాన్ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. దవాఖానాలో గొట్టం వేశారు, తర్వాత ఆపరేషన్. గోకి తీసిన ముక్కల్ని కాన్సర్ ఉందేమోనని పరీక్షకి పంపారు. నతీజా రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని, ఆ సీసా మీదున్న పేర్లు ఒక్కొక్కటే పట్టుకుని వాటి తారీఖ్ చదువుతూ ఆ తొమ్మిది రోజులు గడిపాను.

సెలీనియం ఒక మూలకం. 1817లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ కనిపెట్టి, గ్రీకులో చంద్రుడికున్న పేరు దానికి పెట్టాడు. చాలాకాలం దాన్ని విషంగానే చూశారు. అది ఎక్కువగా ఉన్న నేలల్లో మేసిన పశువుల గిట్టలు ఊడిపోయేవి. కొద్ది మోతాదులో అదే ఒంటికి అవసరమని 1957లో తేలింది. ఎక్కువైతే జహర్, తక్కువైతే బీమారీ అన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అమెరికాలో ల్యారీ క్లార్క్ అనే పరిశోధకుడు, నేలలో సెలీనియం తక్కువగా ఉన్న తూర్పు ప్రాంతాల్లో, అంతకుముందు చర్మ కాన్సర్ వచ్చిన 1,312 మందిని తీసుకున్నాడు. కొందరికి రోజూ 200 మైక్రోగ్రాముల సెలీనియం ఉన్న ఈస్ట్ మాత్ర, మిగతావాళ్లకి అచ్చం అలాగే ఉండే డమ్మీ మాత్ర. చర్మ కాన్సర్ మళ్లీ రాకుండా ఆగుతుందా అన్నది సవాల్. ఆగలేదు. కానీ 1996లో వచ్చిన నతీజాల్లో వేరే అంకె ఒకటి అందర్నీ నిలబెట్టేసింది. ప్రోస్టేట్ కాన్సర్ డమ్మీ వాళ్లలో 35 మందికి వస్తే, సెలీనియం వాళ్లలో 13 మందికే వచ్చింది.

దాదాపు అదే కాలంలో ఫిన్లాండ్‌లో ఇంకో తజుర్బా నడిచింది. 50 నుంచి 69 ఏళ్ల వయసున్న 29,133 మంది సిగరెట్ తాగే మగవాళ్లకి విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గుతుందేమో చూశారు. 1994లో నతీజా చూసి అందరూ బిత్తరపోయారు. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఆ కాన్సర్ 18 శాతం పెరిగింది. క్యారెట్‌లో ఉండే పదార్థం హాని చేయడమేంటి అని చాలామంది నమ్మలేకపోయారు. అయితే విటమిన్ ఇ వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ కాన్సర్ 32 శాతం తక్కువగా కనపడింది.

ఈ రెంటిలోనూ ప్రోస్టేట్ గురించి వచ్చింది అసలు వేసిన సవాల్‌కి జవాబు కాదు. ఒకటి చర్మం గురించి, రెండోది ఊపిరితిత్తుల గురించి. ఇది పక్కదారిలో దొరికింది. అలా దొరికినవి ఒక్కోసారి నిజమవుతాయి, ఒక్కోసారి ఇత్తెఫాక్ అవుతాయి. ఏదో తేల్చుకోవాలంటే ప్రోస్టేట్ గురించే సూటిగా అడగాలి. ఆ ఓపిక సైన్స్‌కి ఉంది. దుకాణాలకి లేదు. మాకు, అంటే అఖ్బార్ వాళ్లకి, అసలే లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. హార్వర్డ్ పరిశోధకులు 1995లో 47,894 మంది మగవాళ్ల తిండి అలవాట్లు చూసి, టమాటా వంటకాలు వారానికి పదిసార్లకు మించి తినేవాళ్లలో ప్రోస్టేట్ కాన్సర్ 35 శాతం తక్కువని రాశారు. ఎవరేం తింటున్నారో అడిగి రాసుకున్న లెక్క అది, ఎవరికీ ఏదీ ఇచ్చి చూసింది కాదు. డెస్క్‌లో కొత్తగా చేరినప్పుడు ఈ టమాటా సంగతి మీద ఫీచర్ నేనే తర్జుమా చేశాను. పెట్టిన హెడ్డింగ్‌లో ‘బహుశా’ అన్న మాట లేదు. 2005లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ సబూత్‌లన్నీ పరిశీలించి, టమాటా విషయంలో ఆధారం చాలా తక్కువని, లైకోపీన్ మాత్రలకైతే నమ్మదగ్గ ఆధారమే లేదని తేల్చింది. ఆ వార్త నేను రాయలేదు. అబ్బా తెలుగు చదవరు. నా మొదటి ఫీచర్‌ని ఎంతో ఫఖర్‌గా ఆయనకి ఉర్దూలో చెప్పి వినిపించింది నేనే. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో టమాటే కా కట్ రోజు విడిచి రోజు ఉండేది. అందులో నష్టమేం లేదనుకోండి.

సూటిగా అడిగే తజుర్బా 2001లో మొదలైంది. పేరు సెలెక్ట్. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో 35,533 మంది మగవాళ్లు. నల్లజాతి వాళ్లలో ఈ కాన్సర్ ఎక్కువ కాబట్టి వాళ్లని 50 ఏళ్ల నుంచి, మిగతావాళ్లని 55 నుంచి తీసుకున్నారు. నాలుగు జట్లు: ఒక జట్టుకి రోజుకి 200 మైక్రోగ్రాముల సెలీనియం, ఒకదానికి 400 యూనిట్ల విటమిన్ ఇ, ఒకదానికి రెండూ, ఒకదానికి రెండూ డమ్మీవే. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్లకీ తెలీదు, డాక్టర్లకీ తెలీదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఇదే. జబ్బు లేని ఇన్నివేల మంది, తమకి ఫాయిదా ఉందో లేదో తెలియని గోలీని ఏళ్ల తరబడి మింగారు, తర్వాత వచ్చేవాళ్లకి జవాబు దొరుకుతుందని. వాళ్లలో చాలామంది తాతలు.

2008 అక్టోబర్‌లో మాత్రలు ఆపేయమన్నారు. ఫాయిదా ఏ జట్టులోనూ కనపడలేదు. పైగా విటమిన్ ఇ మాత్రమే వేసుకున్నవాళ్లలో కాన్సర్ కాస్త ఎక్కువగా ఉన్నట్టు షుబా. మాత్రలు ఆపినా మనుషుల్ని గమనించడం ఆపలేదు. 2011కి షుబా లెక్కగా మారింది. ఏడేళ్లలో వెయ్యి మందికి డమ్మీ జట్టులో 65 కాన్సర్లు వస్తే, విటమిన్ ఇ జట్టులో 76 వచ్చాయి. పదిహేడు శాతం ఎక్కువ. వెయ్యికి పదకొండు చిన్న అంకెలా అనిపిస్తుంది. కానీ కాన్సర్‌ని ఆపుతుందని నమ్మి ఇచ్చిన గోలీ అది.

2014లో ఇంకో ముక్క తెలిసింది. ఆ మగవాళ్ల కాలిగోళ్ల ముక్కలు మొదట్లోనే తీసి దాచారు. ఒంట్లో సెలీనియం ఎంతుందో గోరు చెబుతుంది. అది అప్పటికే బాగా ఉన్నవాళ్లకి పైనుంచి మాత్ర కూడా ఇస్తే, వేగంగా ముదిరే రకం ప్రోస్టేట్ కాన్సర్ ముప్పు 91 శాతం పెరిగింది. క్లార్క్ చూసింది సెలీనియం తక్కువున్న ప్రాంతాల మనుషుల్ని. సెలెక్ట్‌లో చాలామందికి కడుపు నిండుగానే ఉంది. గిట్టలు ఊడిన పశువులు నాకు గుర్తొచ్చాయి.

ఇక సా పామెట్టో. దీని పేరు కాన్సర్‌కన్నా గదూద్ వాపుకి ఎక్కువ వినపడుతుంది. వయసుతో వచ్చే వాపు వేరు, కాన్సర్ వేరు. సీసాలు రెంటినీ ఒకే మాట కింద కలిపేస్తాయి. 2006లో 225 మంది మీద ఏడాది పాటు చూశారు, డమ్మీకీ దానికీ ఫరఖ్ లేదు. మోతాదు చాలలేదేమో అన్నారు. 2011లో 369 మందికి మూడింతల దాకా పెంచి చూశారు. అప్పుడూ అంతే. అబ్బా రెండేళ్లు నమ్ముకున్నది దీన్నే.

మరి తిండితో ఏమీ కాదా అని అడుగుతారు. జపాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవాళ్లలో ఈ కాన్సర్ పెరగడం 1960ల నుంచే పరిశోధకులు చూస్తున్నారు. కాబట్టి బతికే తీరులో ఏదో ఉంది. అదేంటో ఒక గోలీలోకి ఇంకా ఎవరూ దించలేకపోయారు. కాన్సర్ మొదటి దశలో ఉండి, ఆపరేషన్ లేకుండా డాక్టర్ల నిఘాలో ఉన్న 478 మంది చేత రెండేళ్లు కూరగాయలు బాగా తినిపించిన అధ్యయనం 2020లో వచ్చింది. జబ్బు ముదరడంలో తేడా రాలేదు. గుండెకి కూరగాయల మేలు ఎటూ పోదు, అది వేరే లెక్క.

పదో రోజు కాగితం వచ్చింది. కాన్సర్ లేదు, వాపు మాత్రమే. అమ్మీ అక్కడే షుక్రానా నమాజ్‌కి నిలబడింది. నెలన్నర తర్వాత అబ్బా మగ్రిబ్‌కి మసీదుకి నడిచి వెళ్లారు, మోకాళ్ల నొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమే భాయిజాన్ ఫోన్ చేశాడు. ఎవరో వస్తున్నారు, సీసాలు పంపనా అని. వద్దని చెప్పి, బెంచీ మీద చదివిందంతా వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకిప్పుడు యాభై ఏడు.

"నేనూ వేసుకుంటున్నా బా," అన్నాడు చివరికి. "నీ భాబీ నాష్తాతో పాటు ప్లేటులో పెడుతుంది."

ఎన్నేళ్ల నుంచి అని అడిగాను.

"ఆరు. కాదు, ఏడు."

2011 నాటి పేపర్ ఆ రాత్రే పంపాను. రేపు డాక్టర్‌కి చూపిస్తానని పొద్దున జవాబు వచ్చింది.