పాత జపాన్ బైనాక్యులర్లు: సేకరణ, తయారీదారుల గుర్తింపు

రెండో ప్రపంచయుద్ధం ముగిసినప్పటి నుంచి 1980ల దాకా జపాన్‌లో తయారై ప్రపంచమంతటికీ ఎగుమతైన జంట దుర్భిణులను సేకర్తలు పాత జపాన్ బైనాక్యులర్లు అంటారు. యుద్ధానికి ముందు సైన్యం, నౌకాదళం కోసం చేసినవీ ఈ కోవలోకే వస్తాయి. వీటిలో చాలావాటి మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది అమ్మినవారి పేరు మాత్రమే. చేసినవారి ఆనవాలు రెండు గొట్టాలను కలిపే నడిమి కీలు దగ్గర, కంటికి ఆనీ ఆనని చిన్న ముద్రగా ఉంటుంది. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో నగ కొనేవాళ్లు డబ్బా మీది పేరుతో సరిపెట్టుకోకుండా నగ లోపలి హాల్‌మార్క్‌ను వెతికి చూసినట్టే, ఈ సేకరణలో కూడా మొదట వెతకాల్సింది ఆ ముద్రనే.

చరిత్ర

ప్రిజం బైనాక్యులర్‌కు మూలం ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంట్ పొందిన ప్రిజం అమరిక. కటకాలు తలకిందులుగా చూపే బొమ్మను ఈ ప్రిజంలు మళ్లీ నిటారుగా నిలబెడతాయి. వెలుగు దారిని మడతపెట్టడం వల్ల గొట్టం పొడవు కూడా తగ్గుతుంది. జర్మనీలోని జైస్ సంస్థ ఈ సూత్రంతో 1894లో బైనాక్యులర్లను అమ్మకానికి తెచ్చింది.

జపాన్‌లో తొలి ప్రిజం బైనాక్యులర్‌ను 1911లో ఫుజీయి సోదరుల లెన్స్ తయారీశాల ‘విక్టర్’ పేరుతో చేసింది. 1917లో మిత్సుబిషి పెట్టుబడితో నిప్పన్ కొగాకు సంస్థ ఏర్పడింది. ఫుజీయి సోదరుల తయారీశాల త్వరలోనే అందులో కలిసిపోయింది. 1921లో ఈ సంస్థ ‘మిక్రాన్’ అనే అతి చిన్న ప్రిజం బైనాక్యులర్లను విడుదల చేసింది. ఆ ఏడాదే జర్మనీ నుంచి ఎనిమిది మంది నిపుణులను రప్పించుకుంది. నేడు ప్రపంచం నికాన్‌గా ఎరిగిన సంస్థ ఇదే. 1988లో అధికారికంగా ఆ పేరు పెట్టుకుంది. 1932లో టోక్యో కొగాకు పుట్టింది. తర్వాత టాప్‌కాన్‌గా పేరు తెచ్చుకున్న ఈ సంస్థ సైన్యానికి పరికరాలు సమకూర్చేది. రాత్రి పోరాటాల్లో జపాన్ నౌకాదళం పెద్ద బైనాక్యులర్ల మీద, వాటిలో చూసే కాపలాదారుల తర్ఫీదు మీద ఎంతగానో ఆధారపడింది.

1945లో ఓటమితో సైనిక ఆర్డర్లు ఒక్కసారిగా నిలిచిపోయాయి. గాజును సానబట్టడం తెలిసిన వందలాది పనివాళ్లు వీధిన పడ్డారు. వాళ్లలో చాలామంది టోక్యోలోని ఇటబాషి ప్రాంతంలో చిన్న చిన్న కార్ఖానాలు పెట్టుకున్నారు. ఒకరు ప్రిజంలు కోస్తే, ఒకరు కటకాలు సానబట్టేవారు. మరొకరు లోహపు ఒళ్లు పోతపోస్తే, ఇంకొకరు అన్నిటినీ తెచ్చి బిగించేవారు. ఒక వీధి మొత్తం కలిస్తే ఒక బైనాక్యులర్ తయారయ్యేది. జపాన్ బైనాక్యులర్ల ఎగుమతుల్లో సింహభాగం ఈ వాడల నుంచే వెళ్లింది.

1971 వరకు డాలరుకు 360 యెన్ల స్థిర మారకం ఉండటం ఈ ఎగుమతులకు కలిసివచ్చింది. ఆ తర్వాత యెన్ బలపడుతూ పోయింది. 1985 ప్లాజా ఒప్పందం తర్వాత మరీ పెరిగింది. చవక రకాల తయారీ చైనా వంటి దేశాలకు తరలిపోయి, చిన్న కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడ్డాయి.

అమ్మినవారు, చేసినవారు

అమెరికాలో టాస్కో, బుష్‌నెల్, స్విఫ్ట్, సియర్స్ అంగళ్ల ‘టవర్’, బ్రిటన్‌లో ‘ప్రింజ్’, ‘సూపర్ జెనిత్’, ఆస్ట్రేలియాలో హానిమెక్స్. ఈ పేర్లన్నీ దిగుమతిదారులవి, లేదా అంగళ్లవి. వీరు జపాన్ కార్ఖానాలకు ఆర్డరిచ్చి తమ పేరు చెక్కించుకునేవారు. ఒకే కార్ఖానా సరుకు నాలుగైదు పేర్లతో అమ్ముడయ్యేది. ఒకే బ్రాండు కింద నాలుగైదు కార్ఖానాల సరుకు కూడా వచ్చేది. అందుకే ‘ఫలానా బ్రాండు మంచిది’ అనే మాటకు ఈ రంగంలో పెద్దగా విలువ లేదు. ఒక టాస్కో అద్భుతంగా ఉంటే, దాని పక్కనే ఉన్న మరో టాస్కో నాసిగా ఉండవచ్చు.

సొంత పేరుతో అమ్మిన సంస్థలు కూడా ఉన్నాయి. నిప్పన్ కొగాకు, ఫుజీ, అసాహి కొగాకు, కోవా, విక్సెన్ వాటిలో ముఖ్యమైనవి. కామకురా కోకి వంటి సంస్థలు మాత్రం ఎక్కువగా ఇతరుల పేర్ల మీదే పనిచేసి, సామాన్య కొనుగోలుదారుకు పరిచయం కాకుండా ఉండిపోయాయి. హియోషి కొగాకు చేతిపనిని పక్షి ప్రేమికులు స్విఫ్ట్ ‘ఆడుబాన్’ రూపంలో ఏళ్ల తరబడి మెచ్చుకున్నారు.

గుర్తింపు ముద్రలు

జె-బి సంఖ్య: జె, బి అనే ఇంగ్లీషు అక్షరాల తర్వాత ఒక అంకె ఉంటుంది. భాగాలను బిగించి బైనాక్యులర్‌ను పూర్తిచేసిన సంస్థకు ఇది గుర్తు. ఎక్కువగా నడిమి కీలుకు ముందువైపు, అంటే పెద్ద కటకాల వైపు చివరన కనిపిస్తుంది. ముద్ర లోతు తక్కువ. దాని మీద రంగు, మురికి పేరుకుని ఉంటాయి. మెత్తటి బ్రష్‌తో తుడిచి, పక్క నుంచి టార్చి వెలుగు పడేలా పట్టి భూతద్దంతో చూడాలి.

జె-ఇ సంఖ్య: ఇది లోహపు ఒళ్లు తయారుచేసిన కార్ఖానాది. ఒకే పరికరం మీద జె-బి, జె-ఇ రెండూ ఉంటే బిగించినవారు ఒకరు, ఒళ్లు చేసినవారు మరొకరు కావచ్చు. జె-ఇ ఒక్కటే కనబడితే దాన్ని పూర్తి తయారీదారుగా లెక్కవేయకూడదు.

ఈ సంఖ్యల వెనుక జపాన్ ప్రభుత్వ విధానం ఉంది. నాసి సరుకు దేశానికి చెడ్డపేరు తెస్తున్నదని 1957లో ఎగుమతి తనిఖీ చట్టం చేశారు. 1959లో తేలిక యంత్రాల ఎగుమతి ప్రోత్సాహక చట్టం వచ్చింది. ఇళ్లలో వాడే కుట్టుమిషన్లు, బైనాక్యులర్లు తయారుచేసేవాళ్లు నమోదు చేయించుకోవాలని అది నిర్దేశించింది. అప్పటి జపాన్ కుట్టుమిషన్ల మీద జె-ఎ, జె-సి అనే ముద్రలు ఉంటాయి. బైనాక్యులర్ల ముద్రలకు అవి తోబుట్టువుల వంటివి.

తనిఖీ చీటీ: బంగారు రంగులో కోడిగుడ్డు ఆకారపు చిన్న స్టిక్కర్ మీద జెటిఐఐ అక్షరాలు, తనిఖీలో నెగ్గినట్టు తెలిపే ఇంగ్లీషు మాట ఉంటాయి. ఇది జపాన్ టెలిస్కోప్ తనిఖీ సంస్థ అంటించినది. తయారీదారు ఎవరో దీనివల్ల తెలియదు, సరుకు ఎగుమతి తనిఖీ దాటిందని మాత్రం తెలుస్తుంది. కెమెరాల మీద ఉండే జెసిఐఐ చీటీ వేరు.

‘ఆక్యుపైడ్ జపాన్’ ముద్ర: జపాన్ మిత్రరాజ్యాల ఆక్రమణలో ఉన్న కాలంలో ఎగుమతి సరుకు మీద వేసిన ముద్ర ఇది. ఆక్రమణ 1952 ఏప్రిల్ 28న ముగిసింది. కాబట్టి కాలం తేల్చడానికి ఇంత గట్టి ఆధారం మరొకటి లేదు. ఇవి అరుదు, ధర కూడా ఎక్కువ.

ఒళ్లు రకం: జపాన్ తయారీదారులు రెండు అచ్చులను అనుసరించారు. జైస్ రకంలో ముందు గొట్టాలు విడిగా ఉండి, ప్రిజం పెట్టెకు మరతో బిగుస్తాయి. అమెరికా సంస్థ బాష్ అండ్ లాంబ్ రకంలో గొట్టం, ప్రిజం పెట్టె ఒకే పోతగా ఉంటాయి. ప్రిజం పెట్టె మూతల మీద కనిపించే జెడ్‌సిఎఫ్, బిడబ్ల్యుసిఎఫ్ వంటి అక్షరాలు ఈ వివరాలనే చెబుతాయి. జెడ్ అంటే జైస్ రకం, బి అంటే బాష్ రకం. డబ్ల్యు ఉంటే విశాల దృశ్యం. సిఎఫ్ అంటే నడిమి చక్రంతో రెండు కళ్లకూ ఒకేసారి ఫోకస్, ఐఎఫ్ అంటే ఒక్కో కంటికి విడిగా ఫోకస్.

వరుస సంఖ్య: కొన్ని సంస్థల వరుస సంఖ్యలో మొదటి రెండు అంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. అన్నిటికీ ఈ సూత్రం వర్తించదు. కటకాల పూత, ఒళ్లు రకం, తోలుసంచి తీరు కూడా ఆ కాలానికి సరిపోతేనే నమ్మాలి.

అంకెలు చదవడం

7×50 అంటే వస్తువును ఏడింతలు దగ్గరగా చూపుతుందనీ, ముందు కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లనీ అర్థం. 50ని 7తో భాగిస్తే వచ్చే సుమారు 7.1 మిల్లీమీటర్లు కంటిలోకి ప్రవేశించే కాంతిపుంజం వెడల్పు. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప కొలత కూడా దాదాపు ఇంతే. అందుకే నౌకాదళాలు ఈ కొలతను ఇష్టపడ్డాయి.

డిగ్రీలు, వెయ్యి గజాల దూరంలో అడుగులు దృశ్యం వెడల్పును చెబుతాయి. ఒక డిగ్రీ అంటే వెయ్యి గజాల వద్ద సుమారు 52 అడుగులు. సాధారణ 7×50 మీద 7.1 డిగ్రీలు, 372 అడుగులు అని ఉంటుంది. 1960లలో జపాన్ కార్ఖానాలు చేసిన కొన్ని 7×35 రకాల మీద 11 డిగ్రీలు, 578 అడుగులు అని ఉంటుంది. అంచుల్లో బొమ్మ మసకబారినా, అంత విశాలమైన దృశ్యం ఇచ్చే పరికరాలు నేటి అంగళ్లలో దాదాపు కనబడవు. సేకర్తలు వీటినే ముందు వెతుకుతారు.

గాజు, పూత

పూత లేని గాజు ఉపరితలం దాటిన ప్రతిసారీ సుమారు 4 శాతం వెలుగు వెనక్కి పోతుంది. లోపల పది ఉపరితలాలుంటే మూడో వంతు వెలుగు నష్టమే. 1935లో జైస్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది. యుద్ధం తర్వాత జపాన్ సరుకు మీద నీలి, ఊదా, తేనె రంగుల్లో మెరిసేది ఈ పూతే. అయితే ‘పూత ఉంది’ అని రాసినంత మాత్రాన లోపలి ప్రిజంలకు కూడా పూత వేశారని కాదు. దీపపు ప్రతిబింబాలను కటకంలో చూసి లెక్కించాలి. రంగు లేకుండా తెల్లగా మెరిసే ప్రతి ప్రతిబింబమూ పూత లేని ఒక ఉపరితలమే.

ప్రిజం గాజును పరీక్షించడం తేలిక. బైనాక్యులర్‌ను చాచిన చేతి దూరంలో పట్టుకుని ఆకాశం వైపు తిప్పి, కంటి కటకంలో కనిపించే వెలుగు చుక్కను చూడాలి. అది నిండు గుండ్రంగా ఉంటే మేలైన బేక్-4 గాజు కావచ్చు. అంచులు కోసినట్టు చతురస్రంగా నీడపడితే బికె-7. సూర్యుడి వైపు మాత్రం ఏ పరిస్థితిలోనూ తిప్పకూడదు. ఒక్క క్షణం చాలు, చూపు శాశ్వతంగా పోతుంది.

కొనేముందు పరీక్ష

మొదట చూడాల్సింది రెండు గొట్టాల పొందిక. దూరంగా ఉన్న కరెంటు తీగనో, గోపురం కొననో చూసినప్పుడు రెండు బొమ్మలు విడివిడిగా కనిపించినా, కాసేపటికి కళ్లు లాగినా ప్రిజం కదిలిందని అర్థం. దీన్ని సరిచేయడం నిపుణుల పని. తర్వాత పెద్ద కటకం వైపు నుంచి టార్చి వేసి లోపల చూడాలి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు. ముదిరిన బూజు పూతను, గాజును తినేస్తుంది. తుడిచినా మచ్చ పోదు. జత కటకాల మధ్య జిగురు విడిపోతే ఇంద్రధనుస్సు రంగుల మరకలు కనిపిస్తాయి. ఫోకస్ చక్రం బిగుసుకుపోవడం మాత్రం పెద్ద లోపం కాదు. ఎండిన గ్రీజు తీసి కొత్తది వేస్తే సరిపోతుంది.

ఆంధ్రదేశంలో సేకరణ, వాడకం

1991 సంస్కరణలకు ముందు విదేశీ వినియోగ వస్తువుల దిగుమతి మీద మన దేశంలో గట్టి ఆంక్షలుండేవి. విదేశీ సరుకు ఎక్కువగా ప్రయాణికుల పెట్టెల్లోనే వచ్చేది. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లి వచ్చే కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. దేశంలో డెహ్రాడూన్ ఆయుధ కర్మాగారం సైన్యం కోసం బైనాక్యులర్లు చేసేది. పాత వస్తువుల కోసం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు సేకర్తలు హైదరాబాద్ జుమ్మెరాత్ బజారుకో, బెంగళూరు, చెన్నైల పాత సామాను సంతలకో వెళ్లాలి. 1972 పురావస్తు చట్టం సాధారణంగా వందేళ్లు దాటిన వస్తువులకు వర్తిస్తుంది. 1950, 60ల నాటి బైనాక్యులర్లు ఇంకా దాని పరిధిలోకి రాలేదు.

ఈ పరికరాలకు పని కల్పించే చోట్లు కడప జిల్లాలో ఉన్నాయి. పెన్న ఎర్రమల కొండలను కోసిన గండికోట లోయ అంచున నిలబడి రెక్కలు చాచిన గద్దలను చూడవచ్చు. మైలవరం జలాశయం ఒడ్డున చలికాలంలో నీటిపక్షులను చూడటానికి విశాల దృశ్యపు 7×35 చక్కగా పనికొస్తుంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తర్వాత కనబడకుండా పోయిన కలివికోడి 1986లో తిరిగి దొరికింది ఈ జిల్లాలోనే. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే ఏర్పడింది. రాత్రి తిరిగే ఆ పక్షి మనుగడ అత్యంత ప్రమాదంలో ఉంది. అనుమతి లేకుండా దాని తావుల్లోకి వెళ్లకూడదు.

భద్రపరచడం

కడప ఎండలు ఈ పరికరాలకు ఒక రకంగా మేలు, ఒక రకంగా కీడు. పొడి గాలిలో బూజు పట్టదు. కానీ ఎండలో నిలిపిన కారులో పెడితే గ్రీజు కరిగి ప్రిజంల మీద నూనె పొరలా పేరుకుంటుంది. వానాకాలంలో పాత తోలుసంచిలో దాచకూడదు. తోలు తేమను పట్టి ఉంచి బూజును పెంచుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టడం మంచిది. కటకం మీది దుమ్మును ముందు ఊది, బ్రష్‌తో దులిపాకే తుడవాలి. పంచె చెంగుతో రుద్దితే పూత మీద గీతలు పడతాయి.

సేకర్తలకు సూచన

ఈ బైనాక్యులర్లను చేసిన పనివాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా రాసిలేవు. వాళ్ల కార్ఖానాలకు మిగిలిన ఆనవాలు ఒక అంకె మాత్రమే. మరమ్మతు పేరుతో ఆ ముద్ర మీద కొత్త రంగు వేయించడం, మెరుగు పెట్టించడం ఆ కొద్దిపాటి చరిత్రను చెరిపేయడమే అవుతుంది. ఇంట్లో పాత బైనాక్యులర్ ఉన్నవాళ్లు దాన్ని తూకానికి వేసేముందు నడిమి కీలు చివర ఒకసారి చూడాలి. జె-బి, జె-ఇ సంఖ్యలు, వరుస సంఖ్య, మూతల మీది అక్షరాలు, అది ఇంటికి ఎలా వచ్చిందో ఆ వివరం ఒక కాగితం మీద రాసి పరికరంతో పాటే ఉంచాలి.