రాయి పోయినా రాత మిగలాలి

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మన ఊళ్ళలో దొరికే పాత వస్తువుల గురించి, వాటిని రాసి పెట్టుకోవడం గురించి.

మా ఊర్లో అమ్మవారి చెట్టు కింద ఒక నున్నటి రాయి ఉండేది. అరచేతంత ఉంటుంది, ఒక వైపు పదును. పూజారి తాత దాన్ని పిడుగు రాయి అనేవాడు. పిడుగు పడ్డ చోట భూమిలోంచి వచ్చిందని నమ్మకం. మేం చిన్నప్పుడు ఎవరో ఒక సారు వచ్చి, చూసి ఇస్తానని పట్టుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. తర్వాత చదువుకున్నాక తెలిసింది, అది కొత్త రాతియుగం గొడ్డలి అయి ఉంటుందని. అంటే మూడు, నాలుగు వేల ఏళ్ళ కిందటిది. ఈ రోజు అది ఏ మ్యూజియంలోనైనా కనబడినా మాది అని చెప్పడానికి మా దగ్గర ఫొటో లేదు, కొలత లేదు, ఒక్క అక్షరం రాత లేదు.

అసలు ఈ రాసే పని ఎప్పటి నుంచి ఉందో చూద్దాం. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే జియాలజిస్టు 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో ఒక రాతి పనిముట్టును గుర్తించారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దక్షిణాదంతా తిరిగి ఎన్నో సేకరించారు. 1904లో మద్రాసు మ్యూజియం ఆ సేకరణను కొన్నది. ఆయన చనిపోయాక 1914లో దాని కేటలాగు అచ్చయింది. ఏ రాయి ఏ ఊరి దగ్గర దొరికిందో అందులో ఉంది కాబట్టే ఇప్పటికీ పరిశోధకులు దాన్ని తెరుస్తున్నారు. ఊరి పేరు లేకపోతే అవన్నీ ఉత్త రాళ్ళ కుప్ప.

వర్గీకరణ కూడా అంతే. రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని మనం బడిలో చదివిన వరుస డెన్మార్క్‌లో థామ్సన్ అనే ఆయన మ్యూజియం వస్తువులను సర్దడానికి వేసుకున్న లెక్క. 1836లో పుస్తకంగా వచ్చింది. పనికొచ్చే లెక్కే. కానీ అది మనిషి పెట్టిన అర అని మర్చిపోకూడదు. అర తప్పు పెడితే వస్తువు కథే మారిపోతుంది.

దీనికి రుజువు మన గోదావరి అడవుల్లోనే ఉంది. దామెరవాయి, జానంపేట, కాచనపల్లి, మల్లూరు వైపు వెళ్ళిన వాళ్ళకు రాక్షస గుళ్ళు తెలుసు. పెద్ద పెద్ద బండలు నిలబెట్టి, పైన మరో బండ కప్పిన సమాధులు. కొన్ని చోట్ల వాటి పక్కన శిలువ ఆకారంలో రాళ్ళు ఉంటాయి. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ తన పుస్తకంలో వీటిని క్రైస్తవంతో ముడిపెట్టారు. తర్వాత పరిశీలించిన వాళ్ళు, అవి చేతులు చాపిన మనిషి బొమ్మలని, పోయినవాళ్ళ గుర్తుగా నిలిపినవని అంటున్నారు. రాయి అదే. మారింది దాని మీద మనుషుల అభిప్రాయం.

అందుకే డేటాబేస్‌లో మొదటి సూత్రం: కంటికి కనిపించింది ఒక గడిలో, మనం అనుకున్నది వేరే గడిలో. "ఎత్తు ఇంత, రెండు పక్కలా చేతుల్లాంటి భాగాలు" అనేది వర్ణన. "శిలువ" అనేది అభిప్రాయం. అభిప్రాయం పక్కన ఎవరిదో, ఏ సంవత్సరంలోదో రాయాలి. రేపు అది తప్పని తేలినా వర్ణన చెడిపోదు.

రెండోది, ఒక వస్తువుకు ఒకే నంబరు. ఫొటో మీద, నోటుబుక్కులో, కంప్యూటర్లో అదే ఉండాలి. మూడోది, ఒకే మాట. ఒకరు గొడ్డలి అని, ఇంకొకరు గండ్రగొడ్డలి అని, మరొకరు సెల్ట్ అని రాస్తే, వెతికినప్పుడు మూడింట్లో ఒకటే దొరుకుతుంది. కాబట్టి ముందే మాటల జాబితా ఒకటి ఖాయం చేసుకోవాలి. అలాగని మన మాట తీసేయమని కాదు. "ఊర్లో పిలిచే పేరు" అని ఒక గడి, "పెద్దలు చెప్పే కథ" అని ఇంకో గడి ఉండాలి. పిడుగు రాయి అనే పేరు తప్పు కాదు, అదీ చరిత్రే.

నాలుగోది మనకు మనం చెప్పుకోవాల్సింది. రాక్షస గుడి ఇవాళ కోయ ఊరి పక్కన ఉంది కదా అని "కోయల సమాధి" అని నింపేయొద్దు. వేల ఏళ్ళ కిందట కట్టిన వాళ్ళు ఎవరో ఆ బండ చెప్పదు. మన గురించి ఇతరులు తొందరపడి రాస్తే మనకు కోపం వస్తుంది. మనమూ అదే పని చేయకూడదు.

ఇంత తొందర ఎందుకంటారా? నాగార్జునకొండ చూడండి. డ్యాం కోసం లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు చేశారు. వందకు పైగా చోట్లు తవ్వి, ఒక్కోదానికి నంబరు వేసి, కొలిచి, గీసుకున్నారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి మార్చారు. మిగతావి నీళ్ళ కింద ఉన్నాయి. వాటి సంగతి ఇవాళ మనకు రాతలోనే దొరుకుతుంది. పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి ఊళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఊరు కదిలితే చెట్టు కింద రాయి ఎటు పోతుందో ఎవరు రాస్తారు?

ఒక జాగ్రత్త కూడా ఉంది. గుప్తనిధుల పిచ్చితో బండలు పగలగొట్టే ముఠాలు మన అడవుల్లోకీ వస్తాయి. ఇంగ్లండులో మామూలు జనానికి దొరికిన వస్తువులను నమోదు చేసే డేటాబేస్‌లో పది లక్షలకు పైగా వస్తువులున్నాయి, ఎవరైనా చూడొచ్చు. కానీ కచ్చితంగా దొరికిన చోటు మాత్రం అందరికీ చూపించరు. మనమూ అంతే చేయాలి. ఊరి పేరు దాకా చాలు. లొకేషన్ గ్రూపులో పెట్టొద్దు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. భూమిలో దాగి ఉన్న 10 రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు రాసి తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పాత వస్తువులను దేశం బయటికి అమ్మడం నేరం.

కాబట్టి ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు తవ్వొద్దు, కదపొద్దు, ఇంటికి తేవొద్దు. ముందు పెద్దల అనుమతి అడగండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. కొలత, చోటు, తేదీ, చెప్పిన వాళ్ళ పేరు నోటుబుక్కులో రాయండి. వాళ్ళు వద్దంటే పేరు రాయొద్దు. అమ్మవారి దగ్గర ఉన్నది అమ్మవారి దగ్గరే ఉండాలి.

మేం మొదటి పేజీ మొదలుపెట్టాం. నంబరు 1: పిడుగు రాయి. ఫొటో లేదు, కొలత లేదు. పూజారి తాత చేత్తో చూపించిన సైజు, ఆయన చెప్పిన కథ మాత్రం రాసుకున్నాం. ఇప్పుడు ఎక్కడుంది అనే గడి ఖాళీగా వదిలేశాం. మీ ఊరి పేజీలో ఆ గడి ఖాళీ కాకముందే రాయండి.