ఉమ్మడి యిల్లు - తాళపుచెవి

దొంగకు వెఱచి ఇంటికి తాళము వేయుదుమని మనము సాధారణముగ అనుకొందుము. చరిత్రను పరికించినచో మఱియొక సంగతి తోచును. దొంగ ఎన్నడో ఒకనాడు వచ్చును. ఇంటివారు దినమునకు పదిమారులు గడప దాటుదురు. ఆ తలుపు ఎవరు స్వతంత్రముగ తీయవచ్చును, ఎవరు మఱియొకరిని అడిగి తీయవలెను అనుదానిని నిర్ణయించునది తాళమే. వ్రేలిముద్రతోను, రహస్యసంఖ్యతోను, చేతిఫోనుతోను తెఱచుకొను స్మార్ట్ తాళములు నేడు ఉమ్మడి కుటుంబముల తలుపులకును వచ్చుచున్నవి. కావున ఈ పాత ప్రశ్నను మరల తలపోయుట అవసరము.

తాళము మిక్కిలి ప్రాచీనమైన సాధనము. గడియ రంధ్రములలోనికి చిన్న మేకులు జాఱి పడుట, చెవి వానిని పైకెత్తుట అను ఉపాయమును ప్రాచీన ఈజిప్టువారు కొయ్యతోనే సాధించిరి. అమెరికాలో లైనస్ యేల్ 1860ల దశకములో ఆ సూత్రమునే చిన్న లోహపు గొట్టములో ఇమిడ్చి, పలుచని చెవితో తెఱచునట్లు చేసెను. మన దేశమున అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళముల పరిశ్రమను ఆరంభించెను. ఆలీగఢ్, దిండిగల్ పట్టణములు తాళపుకప్పలకు పేరుపొందినవి.

జలంత్రకోట, టెక్కలి, ఉద్దానము ప్రాంతముల పాత యిండ్లలో వీథితలుపునకు లోపల అడ్డగడియ, వెలుపల గొళ్ళెము చాలియుండెను. అరుగుమీద పెద్దలెవరో ఒకరు ఎల్లప్పుడు ఉందురు గదా! నిజమైన తాళము ధాన్యపుగదికి, భోషాణమునకు ఉండెడిది. ఆ చెవులగుత్తి ఇంటి పెద్దావిడ బొడ్డున ఉండెడిది. 1936 వరకు ఈ సీమ గంజాము జిల్లాలో చేరియుండెను. గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి వేలకొలది మగవారు కూలికై బర్మాకు పోవుచుండిరి. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో ఆ దారి మూతపడెను. వారు రంగూనులో ఉన్నంతకాలము ఇక్కడ ఇల్లు నిలిపినవారు స్త్రీలు. చెవి వారి చేతిలో ఉండెను. ఇంటిపై హక్కు మాత్రము వారికి లేదు.

ఆ హక్కు వచ్చుటకు చాలకాలము పట్టినది. 1937 నాటి చట్టము వితంతువునకు పరిమితమైన భాగము నిచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెను తండ్రి ఆస్తికి వారసురాలిని చేసెను గాని, కుటుంబము నివసించు ఇంటి విషయమున 23వ విభాగము అడ్డు నిలిచెను. మగ వారసులు పంచుకొనదలచువఱకు ఆడ వారసులు ఆ యింటిని పంచుమని అడుగరాదు. కుమార్తె అవివాహితయో, వితంతువో, భర్తను ఎడబాసినదో అయిననే ఆ యింట నివసించు హక్కు ఆమెకు ఉండెను. ఆంధ్రప్రదేశ్ శాసనము 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే సమభాగము కల్పించెను. కేంద్రము 2005లో ఆ హక్కును దేశమంతటికి విస్తరింపజేసి, 23వ విభాగమును తొలగించెను.

ఈ చరిత్ర తెలిసినవారు స్మార్ట్ తాళమును కొనునపుడు ధర యొక్కటే చూడరు. ఆ తాళమునకు ఒక యజమాని ఫోను ఉండును. ఎవరి సంఖ్యనైనను చేర్చుట, తీసివేయుట ఆ ఫోనునుండి జరుగును. అది ఒక్కరి చేతిలోనే ఉన్నచో పాత చెవులగుత్తి మరల వచ్చినట్లే. ఇంట భాగమున్న అప్పచెల్లెండ్రు సయితము అడిగి లోనికి రావలసి యుండును. ఎవరు ఏ వేళకు వచ్చిరో వ్రాసియుంచు తాళములును గలవు. అవి దొంగ జాడ తెలుపుటకంటె కోడలి రాకపోకలను లెక్కించుటకు వినియోగపడు ప్రమాదము లేకపోలేదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులును ఉన్నవి. పలాసలో జీడిపిక్కలు ఒలుచు స్త్రీల వ్రేళ్లను జీడిరసము తినివేయును. అరిగిన వ్రేలిముద్రను యంత్రము గుర్తింపలేకపోవచ్చును. సంపాదించి తెచ్చు చేతికే తలుపు తెఱచుకొనకున్న అది న్యాయము కాదు. కావున రహస్యసంఖ్యయు ఉన్న తాళమునే ఎన్నుకొనవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానము గ్రామములు దినములతరబడి చీకటిలో ఉండెను. ఇట్టి తాళములు పెక్కు బ్యాటరీలపై నడచుచున్నను, ఫోనుపైననే ఆధారపడునది అట్టి దినములలో అక్కఱకు రాదు. లోహపు చెవి పట్టునదియు, లోపలినుండి చేతితో తేలికగా తెఱచుకొనునదియు మేలు.

కొనుటకు ముందు ఇంటివారందఱు ఒకచోట కూర్చుండి, యజమాని అధికారము ఏ యిద్దరికి ఉండవలెనో, లోహపు చెవి ఎక్కడ ఉంచవలెనో, పెండ్లియై వెళ్లిన ఆడపడుచునకు సంఖ్య ఇచ్చితిరో లేదో తేల్చుకొనవలెను. అది తేల్చక ఎంత వెలగల తాళమును కొన్నను, తాళము వేసి గొళ్ళెము మరచినట్లే యగును.