మన్యపు జ్వరము: రోనాల్డ్ రాస్ పరిశోధనము, అరకు కొండలు

విశాఖ ప్రాంతపు మైదానములలో 'మన్యపు జ్వరము' అను మాట తరతరములుగా వినవచ్చుచున్నది. వ్యాధికి పేరగుటతో బాటు అది కారణమును గూర్చిన తీర్పు కూడ నైనది. జ్వరమునకు మూలము కొండగాలి, కొండనీరు అని ఆ మాట సూచించుచున్నది. ఈ తీర్పు ఎట్లు సడలినదో, దానిని సడలించిన పరిశోధనమునకు తెలుగునాటితో గల సంబంధ మెట్టిదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

స్థలమును నిందించుట మనకే పరిమితము కాదు. 'మలేరియా' అను ఇటాలియన్ పదమునకును చెడుగాలి యనియే యర్థము. మన ప్రాచీన వైద్యులు విషమజ్వరమును సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చాతుర్థకము అని ఐదు విధములుగా విభజించిరి. దినము విడిచి దినము వచ్చునది తృతీయకము. రెండు దినములు విడిచి వచ్చునది చాతుర్థకము. జ్వరము వచ్చు వేళలను వారింత సూక్ష్మముగా గుర్తించిరి. ఆ వేళలను నిర్ణయించునది రక్తకణములలో పెరిగి వానిని పగుల్చుకొని వెలువడు సూక్ష్మజీవి యని సూక్ష్మదర్శిని లేనిదే తెలియుటకు వీలు లేకపోయెను. 1880లో అల్జీరియాయందు లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆ జీవిని రోగి రక్తమున చూచెను. అది ఒకరినుండి మరియొకరి కెట్లు చేరునో మాత్రము తేలలేదు.

ఈ చిక్కును విప్పిన రోనాల్డ్ రాస్ 1857లో ఆల్మోరాలో జన్మించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. సెలవుపై లండను వెళ్ళినపుడు బాక్టీరియా శాస్త్రమున శిక్షణ పొందెను. 1894లో పాట్రిక్ మాన్సన్ ఆయనకు మలేరియా జీవిని చూపి, దోమలపై దృష్టి నిలుపుమని ప్రోత్సహించెను. 1895లో రాస్ సికిందరాబాదు చేరి పని నారంభించెను గాని, ఆ సంవత్సరమే కలరా నివారణకై బెంగుళూరునకు పంపబడుటచే అది కుంటుపడెను.

రెండేండ్లపాటు ఆయన కోసి చూచినవి ముఖ్యముగా బూడిదవన్నె దోమలు, చారల దోమలు. వానిలో కోరినది కానరాలేదు. ఊహ సరియైనదే, ఎన్నుకొన్న దోమజాతి మాత్రము సరియైనది కాదు. 1897 ఆగస్టులో బేగంపేటలో చుక్కల రెక్కల దోమలు లభించెను. హుస్సేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమ కొక అణా చొప్పున పుచ్చుకొని, వానికి తన రక్తము నిచ్చెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపు గోడలో నల్లని రంగుకణికలు గల గుండ్రని కణములు రాస్‌కు కనబడెను. ఆ కణికలు మలేరియా జీవికి గురుతు. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరింత పెరిగి యుండెను.

1898లో కలకత్తాయందు పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుద్వారా మరియొక పక్షికి సోకునని రాస్ నిరూపించెను. మనుష్యులలో ఎనాఫిలిస్ దోమ ద్వారా జరుగు చక్రమును అదే కాలమున ఇటలీలో గ్రాసీ ప్రభృతులు స్థాపించిరి. ఎవరు ముందు అను వివాదము చిరకాలము సాగెను. 1902లో నోబెల్ బహుమానము రాస్‌కు లభించెను. ఈ చరిత్రమున హుస్సేన్ ఖాన్ పేరును మరువరాదు.

దోమయే వాహకమని తేలిన పిదప కొండగాలిపై నింద తొలగెను. అయినను కొండలలో జ్వర మేల అధికము అను ప్రశ్న మిగిలెను. సికిందరాబాదున రాస్‌ను వేధించిన 'ఏ దోమ?' అను ప్రశ్నయే ఇక్కడను ముఖ్యమాయెను. అరకుకు పొరుగున నున్న జయపురపు కొండలు 1936లో ఒరిస్సాలో చేరువరకు విశాఖపట్టణ మండలములోనివే. ఆ కొండల మలేరియాను గూర్చి పెర్రీ 1914లోను, సీనియర్ వైట్ 1930 దశకము చివరను పరిశోధనములు ప్రకటించిరి. ఇట్టి పరిశోధనముల పరంపరలో ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ప్రధాన వాహకములలో ఒకటిగా తేలెను. లాటిన్ భాషననుసరించి దాని పేరులోనే నది యున్నది. మన్యమున గెడ్డలనబడు వాగుల గట్లవెంట, మెల్లగా పారు తేటనీటిలో గడ్డి మొలచిన చోట్ల అది పెరుగును. మెట్లుగా తీర్చిన వరిమళ్ళ ఊటనీటిలోను పెరుగును. కనుక నిలువనీటిని తొలగింపుడను పట్టణపు ఉపదేశము కొండలలో సగమే చెల్లును.

మరియొక పొరపాటును గమనింపవలెను. మైదానమునుండి పోయినవారు మంచము పట్టగా, కొండవారు తిరుగుచుండుట చూచి, వారి కీ జ్వరము హాని చేయదని పలువురు తలచిరి. ఆ ఓర్పు పుట్టుకతో వచ్చినది కాదు. బాల్యమున పదేపదే జ్వరపడి బ్రదికినవారికి కొంతవరకు దక్కునది. దాని మూల్యమును పసిబిడ్డలు చెల్లించిరి.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ఆరంభమాయెను. 1960 దశకమున దేశమంతట వ్యాధి మిక్కిలి తగ్గి, 1970 దశకమున మరల విజృంభించెను. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు మన్యమును అది నేటికిని పూర్తిగా విడువలేదు. బేగంపేటలో రాస్ పనిచేసిన భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపు రక్షణలో ఆయన పేరుతో నిలిచియున్నది. అచట తేలిన సత్యము గెడ్డయొడ్డు గుడిసెలోని బిడ్డకు ఫలించువరకు ఆ పరిశోధనము ముగిసినదని చెప్పరాదు. 'మన్యపు జ్వరము' అను మాటను వాడునపుడు అందలి పాత తీర్పును వదలి వాడుట మన కర్తవ్యము.