ఉండుకం: తొలగింపు నుంచి పరిరక్షణ దాకా – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

అపెండిసైటిస్‌కు తెలుగునాట ‘ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి’ అని వాడుక పేరు. మండపేట వంటి గోదావరి డెల్టా పట్టణాలలో ఆ మాట వినగానే స్ఫురించేది ఆలస్యం చేయరాని ఆపరేషన్. వ్యాధి పేరులోనే గడువు ఇమిడి ఉంది. అవయవానికి శాస్త్రవ్యవహారంలో ఉన్న పేరు ‘ఉండుకం’. సుశ్రుత సంహిత కోష్ఠాంగాలలో పేర్కొన్న ఈ పదాన్ని ఆధునిక వ్యాఖ్యాతలు పెద్దపేగు మొదటి భాగానికి అన్వయించారు. తెలుగు పాఠ్యగ్రంథాలలో అదే పదం ఆ భాగానికి వేలాడే తోక వంటి నాళానికి స్థిరపడింది. ఈ నాళాన్ని ఎలా తొలగించాలన్న ప్రశ్న, అసలు తొలగించాలా అన్న ప్రశ్నగా మారిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కోత తగ్గిన క్రమం:

1735లో లండన్‌లో క్లాడియస్ అమియాండ్ ఒక బాలుని గజ్జల హెర్నియాకు శస్త్రచికిత్స చేస్తూ, అందులో చిక్కుకున్న ఉండుకాన్ని తొలగించాడు. 1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ వ్యాధికి ‘అపెండిసైటిస్’ అని పేరు పెట్టి, సత్వర శస్త్రచికిత్సను సమర్థించాడు. 1980లో జర్మనీలో కర్ట్ సెమ్ లాపరోస్కోపీ ద్వారా ఉండుకాన్ని తీశాడు.

ఈ చరిత్రలో హైదరాబాదుకు విశిష్ట స్థానం ఉంది. 2004 ప్రాంతంలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో జి.వి. రావు, డి. నాగేశ్వర్ రెడ్డి నోటి ద్వారా ఎండోస్కోపును పంపి, జీర్ణాశయపు గోడలో రంధ్రం చేసి, ఉండుకాన్ని బయటకు తీశారు. కాలిన గాయాల మచ్చల వల్ల పొట్టపై కోత కష్టమైన రోగి విషయంలో ఈ మార్గం అక్కరకు వచ్చింది. అయితే ఇది నిత్యచికిత్సగా స్థిరపడలేదు. బయటి కోత లేకపోయినా ఇక్కడ కూడా లక్ష్యం తొలగింపే.

మారిన ప్రశ్న:

2012లో చైనా వైద్యుడు లియూ బింగ్‌రోంగ్ బృందం ప్రకటించిన పద్ధతి లక్ష్యాన్నే మార్చింది. కొలనోస్కోపును పెద్దపేగు మొదలు దాకా పంపి, ఉండుక ద్వారంలోకి సన్నని గొట్టం చొప్పించి, అడ్డుపడిన మలపుగడ్డలను తీసి, లోపల కడిగి, అవసరమైతే స్టెంటు అమరుస్తారు. అవయవం శరీరంలోనే ఉంటుంది.

అల్సరేటివ్ కోలైటిస్ రోగులలో సమస్య మరింత జటిలం. పెద్దపేగు లోపొర వాచి, పుండ్లు పడి, రక్తవిరేచనాలు కలిగించే ఈ దీర్ఘవ్యాధిలో, వాపు పురీషనాళం నుంచి పైకి వ్యాపిస్తుంది. కొందరిలో మధ్యభాగం బాగానే ఉన్నా, ఉండుక ద్వారం వద్ద విడిగా వాపు కనిపిస్తుంది. అటువంటి వారికీ ఈ ఎండోస్కోపిక్ చికిత్సను ప్రయత్నిస్తున్నారు.

దీనికి ఎదురుగా మరొక వాదం ఉంది. 20 ఏళ్లలోపు అపెండిసైటిస్‌కు శస్త్రచికిత్స పొందినవారిలో కోలైటిస్ తక్కువని 2001లో స్వీడన్ అధ్యయనం తెలిపింది. కేవలం అస్పష్టమైన కడుపునొప్పికి ఉండుకం తీయించుకొన్నవారిలో ఆ మేలు కనిపించలేదు. కనుక రక్షించినది తొలగింపా, అంతకుముందటి వాపా అన్న సందేహం మిగిలింది. 2025లో వెలువడిన యూరప్ అధ్యయనంలో, వ్యాధి ఉపశమించి ఉన్న 197 మందిలో ఏడాదిలోగా తిరగబెట్టినవారు ఉండుకం తీసిన వర్గంలో 36 శాతం, తీయని వర్గంలో 56 శాతం.

ముగింపు:

ఉండుకాన్ని కాపాడే పద్ధతి రూపొందిన కాలంలోనే, కోలైటిస్ రోగులకు దాని తొలగింపు మేలన్న ఆధారమూ బలపడింది. అయితే ఆ ఆధారం ఉపశమన దశలోని రోగులది. ఉండుక ద్వారం వాచిన ప్రతి రోగికీ అది వర్తించదు. కాబట్టి ఈ చరిత్రను కేవలం చిన్నదవుతూ వచ్చిన కోత కథగా చదవడం అసమగ్రం. ‘ఇరవై నాలుగు గంటల’ గడువు తీవ్రమైన నొప్పికి సరైన హెచ్చరికే. ఆ నొప్పి వస్తే జాగు చేయరాదు. దీర్ఘవ్యాధిగ్రస్తుని ఉండుకం విషయంలో మాత్రం ఆ తొందరను వైద్యనిర్ణయానికి ప్రమాణంగా గ్రహించరాదు.