దృష్టి లోపం గల విద్యార్థులకు చిత్రకళా సామగ్రి: చరిత్ర

చూపు లేని పిల్లలు స్పర్శతోనూ, కొద్దిపాటి చూపు ఉన్నవారు ఆ చూపుతోనూ బొమ్మలు గీయడానికి, చేయడానికి వీలుగా మలచిన తరగతి సామగ్రి. బంకమట్టి, ఉబ్బెత్తు గీతల పలక, బ్రెయిలీ పేర్లు అంటించిన రంగుల డబ్బాలు ఇందులో ముఖ్యమైనవి.

తొలి దశ: 18వ శతాబ్దం చివర వాలంతీన్ ఆయూయి పారిస్‌లో అంధుల పాఠశాల స్థాపించి, ఉబ్బెత్తు అక్షరాలతో చదువు చెప్పారు. 19వ శతాబ్దంలో అంధుల బడులు బుట్టల అల్లిక వంటి జీవనోపాధి పనులకే పెద్దపీట వేశాయి.

వియన్నా కృషి: ఈ చరిత్రలో అత్యంత ఫలవంతమైన ఘట్టం ఇదే. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ (1903–1960) వియన్నాలోని హోహే వార్టె అంధుల సంస్థలో విద్యార్థులకు బంకమట్టి ఇచ్చి, నమూనాను అనుకరించమనకుండా తమ ఒంటికి తెలిసినదాన్ని చేయమన్నారు. కొందరు ముఖం చేసేటప్పుడు ముందు కంటిగుంట తొలిచి, అందులో కనుగుడ్డు పెట్టి, ఆపైన రెప్ప కప్పేవారు. ఈ పనులపై లుడ్విగ్ ముంజ్‌తో కలిసి 1934లో గ్రంథం ప్రచురించారు. కొద్దిపాటి చూపు ఉన్నవారిలోనూ కొందరు స్పర్శనే ఆశ్రయిస్తారని గమనించి, సృజనశీలురను దృశ్య, స్పర్శ ప్రధానులుగా వర్గీకరించారు. 1938లో నాజీల ఆక్రమణతో దేశం విడిచి, తర్వాత అమెరికాలో స్థిరపడ్డారు. 1947లో వెలువడిన ఆయన ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’ చిత్రకళా ఉపాధ్యాయులకు ప్రామాణిక గ్రంథమైంది.

శాంతినికేతన్: పుట్టుకతోనే చూపు బలహీనంగా ఉన్న చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ (1904–1980), 1950లలో శస్త్రచికిత్స విఫలమై పూర్తిగా చూపు కోల్పోయారు. అయినా కాగితపు కత్తిరింపులతో చిత్రాలు కూర్చారు. 1972లో శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో పెంకుల కుడ్యచిత్రం రూపొందించారు. శిష్యుడు సత్యజిత్ రాయ్ అదే ఏడు ఆయనపై ‘ది ఇన్నర్ ఐ’ చిత్రం తీశారు.

తరువాతి సాధనాలు: రబ్బరు పలకపై పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి మొనదేలిన కలంతో గీస్తే గీత అక్కడికక్కడే పైకి ఉబ్బుతుంది, తాను గీసినదాన్ని పిల్లవాడు వెంటనే తడిమి చూసుకోగలడు. వేడి తగిలితే నల్లగీతలు ఉబ్బే కాగితం ఉపాధ్యాయుడు బొమ్మలు సిద్ధం చేయడానికి ఉపకరిస్తుంది. పుట్టు అంధులు కూడా రేఖాచిత్రాలను అర్థం చేసుకోగలరని, గీయగలరని టొరంటోకు చెందిన జాన్ ఎం. కెనడీ 1993లో ‘డ్రాయింగ్ అండ్ ద బ్లైండ్’ గ్రంథంలో వివరించారు.

నేటి తరగతి: రంగుల్లో ఇసుక, రంపపు పొట్టు కలిపి ఒక్కో రంగుకు ఒక్కో గరుకుదనం ఇవ్వడం, జిగురుతో హద్దుగీతలు వేసి ఆరబెట్టడం తక్కువ ఖర్చు పద్ధతులు. తక్కువ చూపు ఉన్నవారికి మెరుపులేని కాగితం, ముదురు గీతలు అనుకూలం. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పాఠశాలలు విద్యార్థి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలని నిర్దేశించింది. చిత్రకళ పీరియడ్‌కు కూడా ఇది వర్తిస్తుంది.